గెలిచినా... మనసు నిండలేదు

తండ్రి దేశాధ్యక్షుడిగా పనిచేశారు. కొడుకు కూడా ఆ పదవి దాకా వెళ్లాడు. వార్త తెలిసిన రోజు ఊరంతా అభినందిస్తుంటే, ఆయన మాత్రం తొంభైకి చేరువైన తండ్రికి చిన్న ఉత్తరం రాసి, దేవుడికి దండం పెట్టుకుని పడుకున్నారు. అమెరికా ఆరో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తన గెలుపును తనలో తాను ఎలా తూచుకున్నారో చెప్పే యథార్థ గాథ ఇది.

*

1825 ఫిబ్రవరి 9, బుధవారం. వాషింగ్టన్ మీద మంచు కురుస్తోంది. అయినా కాపిటల్ భవనంలో కాలు పెట్టే చోటు లేదు. ప్రతినిధుల సభ గ్యాలరీలు కిక్కిరిసిపోయాయి. దేశానికి కాబోయే అధ్యక్షుడెవరో ఆ గదిలోనే తేలాలి.

మధ్యాహ్నం సెనేటర్లు కూడా వచ్చి కూర్చున్నాక ఎలక్టర్ల ఓట్లు విప్పి లెక్కపెట్టారు. న్యూ ఆర్లీన్స్ యుద్ధవీరుడు జనరల్ ఆండ్రూ జాక్సన్‌కు 99. విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84. ఆర్థిక మంత్రి విలియం క్రాఫోర్డ్‌కు 41. స్పీకర్ హెన్రీ క్లేకు 37. మొత్తం ఓట్లు 261. గెలవాలంటే 131 రావాలి. ఆ అంకెకు ఎవరూ దగ్గరలో కూడా లేరు. మన పత్రికల భాషలో చెప్పాలంటే హంగ్!

నలుగురూ ఒకే పార్టీ వాళ్లు. ప్రజలు నేరుగా ఓటేసిన రాష్ట్రాల్లో జాక్సన్‌కు లక్షన్నర పైచిలుకు ఓట్లు పడితే, ఆడమ్స్‌కు పడినవి లక్షా పదమూడు వేల దాకా. ఏ లెక్కన చూసినా జాక్సనే ముందున్నారు. కానీ ఎవరికీ మెజారిటీ రాకపోతే మొదటి ముగ్గురిలో ఒకరిని ప్రతినిధుల సభ ఎన్నుకోవాలని రాజ్యాంగం పన్నెండో సవరణ చెబుతోంది. అక్కడ సభ్యుడికో ఓటు ఉండదు. రాష్ట్రానికి ఒక్కటే ఓటు. అప్పటికి రాష్ట్రాలు 24. పదమూడు ఎవరివైతే పదవి వాళ్లది. నాలుగో స్థానంలో ఉన్న క్లే పోటీలో లేనట్టే. కానీ ఆ సభను నడిపించే స్పీకర్ ఆయనే. తన మనుషుల్ని ఎటు తిప్పితే ఫలితం అటు తిరుగుతుంది.

సెనేటర్లు లేచి తమ సభకు వెళ్లిపోయారు. ఏ రాష్ట్రం సభ్యులు ఆ రాష్ట్రం పెట్టెలో చీటీలు వేయడం మొదలైంది.

అందరి కళ్లూ న్యూయార్క్ వైపే. ఆ రాష్ట్రానికి 34 మంది సభ్యులు. అందులో 18 మంది తనవైపు ఉంటేనే ఆ రాష్ట్రం ఆడమ్స్‌ది. ఒక్కటి తగ్గితే ఆయన పన్నెండు దగ్గరే ఆగిపోతారు. ఆ ఒక్క చీటీ స్టీఫెన్ వాన్ రెన్సలేర్ అనే పెద్ద భూస్వామి చేతిలో ఉంది. వయసు మళ్లినవాడు, దైవభక్తి మెండుగా ఉన్నవాడు. అటు లాగేవాళ్లు, ఇటు లాగేవాళ్లు. ఏం చేయాలో పాలుపోక ఆయన బల్ల అంచున తల ఆనించి, కళ్లు మూసుకుని, దారి చూపమని దేవుణ్ని వేడుకున్నారట. కళ్లు తెరిచేసరికి కాళ్ల దగ్గర నేల మీద ఎవరో పడేసిన చీటీ కనిపించింది. దాని మీద ఆడమ్స్ పేరు. అదే తీసి పెట్టెలో వేశారట. ఈ ముచ్చట అప్పటి న్యూయార్క్ సెనేటర్ మార్టిన్ వాన్ బ్యూరెన్ తన ఆత్మకథలో రాసుకున్నారు. అందులో ఎంత నిజముందోగానీ, న్యూయార్క్‌లో ఆడమ్స్‌కు పడిన ఓట్లు మాత్రం సరిగ్గా పద్దెనిమిది.

మొదటి విడతలోనే తేలిపోయింది. ఆడమ్స్‌కు 13 రాష్ట్రాలు, జాక్సన్‌కు 7, క్రాఫోర్డ్‌కు 4. స్పీకర్ కుర్చీలోంచి క్లే ఫలితం ప్రకటించారు. గ్యాలరీల్లో చప్పట్లు మోగాయి. వాటితోపాటే ఈసడింపులూ వినిపించాయి. గ్యాలరీలు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

ఆడమ్స్ ఆ సభలో లేరు. చప్పట్లు ఆయన చెవిన పడలేదు. ఈసడింపు మాత్రం అక్కడితో ఆగలేదు.

*

ఆడమ్స్ ఆ రోజును ఎలా తీసుకున్నారో అర్థం కావాలంటే, ఆయన పెరిగిన తీరు తెలియాలి.

1775 జూన్‌లో బంకర్ హిల్ యుద్ధం జరుగుతుంటే, ఏడేళ్ల కుర్రాడు తల్లి అబిగైల్ పక్కన గుట్ట మీద నిలబడి దూరాన రేగుతున్న పొగ చూశాడు. పన్నెండేళ్లకు డైరీ రాయడం మొదలుపెట్టాడు. తండ్రి జాన్ ఆడమ్స్ స్వాతంత్ర్య సమర నాయకుడు. తర్వాత దేశానికి రెండో అధ్యక్షుడు. ఆ ఇంట్లో ప్రేమకు కొదవ లేదు, మెప్పు మాత్రం అంత తేలిగ్గా దొరికేది కాదు. కొడుక్కి ఇరవై ఆరేళ్లప్పుడు ఆ తండ్రి రాసిన ఉత్తరం ఒకటుంది. నీ వృత్తిలోనే కాదు, నీ దేశంలోనే నువ్వు అందరికన్నా పైకి రాకపోతే దానికి కారణం నీ బద్ధకం, నీ అశ్రద్ధ, నీ మొండితనమే అవుతాయని అందులో నిర్మొహమాటంగా రాశారు.

కొడుకు ఆ మాట నిలబెట్టాడు. రష్యాకు రాయబారిగా వెళ్లాడు. 1814లో ఘెంట్ నగరంలో బ్రిటన్‌తో శాంతి ఒప్పందం కుదిర్చిన బృందానికి పెద్దగా ఉన్నాడు. 1817 నుంచి అధ్యక్షుడు మన్రో దగ్గర విదేశాంగ మంత్రి. యూరప్ రాజ్యాలు అమెరికా ఖండాల జోలికి రాకూడదన్న మన్రో సిద్ధాంతం వెనుక ప్రధానంగా పనిచేసిన బుర్ర ఆయనదే. తెల్లవారకముందే లేవడం, తన పొయ్యి తనే రాజేసుకోవడం, బైబిల్ చదవడం, డైరీ రాయడం. ఎక్కడున్నా ఇదే వరస. మనిషి ముభావి. నవ్వు తక్కువ. ఆ లోటు భార్య లూయీసా పూడ్చేవారు. 1824 జనవరి 8న ఎఫ్ స్ట్రీట్‌లోని తమ ఇంట్లో ఆమె ఇచ్చిన విందుకు దాదాపు వెయ్యిమంది వచ్చారు. న్యూ ఆర్లీన్స్ విజయ దినం నాడు జరిగిన ఆ విందుకు ముఖ్య అతిథి జనరల్ జాక్సనే! ఏడాది తిరిగేసరికి ఆ అతిథే ప్రత్యర్థిగా ఎదురు నిలిచారు.

పదవి కావాలని ఆడమ్స్‌కు ఉంది. బలంగా ఉంది. కానీ ఓటేయండని అడగడం మర్యాద కాదన్నది ఆ తరం కట్టుబాటు. పదవే మనిషిని వెతుక్కుంటూ రావాలి. ఆ కోరికకూ ఈ కట్టుబాటుకూ నడుమ ఆయన నలిగిపోయారు. రాబోయే రోజుల్లో తనకు ఏది మేలో తెలియనప్పుడు, అసలు గెలవాలని కోరుకోవడమైనా సబబేనా అని ఎన్నికల ఏడాదిలోనే డైరీలో తనను తాను ప్రశ్నించుకున్నారు.

1825 జనవరి 9, ఆదివారం సాయంత్రం ఆరింటికి హెన్రీ క్లే ఆయన ఇంటికి వచ్చారు. ఇద్దరికీ పాత పేచీ ఉంది. ఘెంట్‌లో క్లే రాత్రంతా పేకాడి లేచే వేళకు ఆడమ్స్ నిద్ర లేచి పనికి కూర్చునేవారు. ఇద్దరికీ పొసిగేది కాదు. కానీ ఆ ఆదివారం రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నారు. సొంత లాభం ప్రస్తావన లేకుండా, కొన్ని ముఖ్యమైన ప్రజా విషయాల్లో మీ ఆలోచన చెప్పమని క్లే అడిగారనీ, జాక్సన్, క్రాఫోర్డ్, తన మధ్య ఎన్నుకోవాల్సి వస్తే తనవైపే ఉంటానన్నారనీ ఆడమ్స్ రాసుకున్నారు. పదవుల బేరం కుదిరిందని ఆ డైరీలో ఎక్కడా లేదు. అయితే జాక్సన్‌కు ఓటేయమని క్లే సొంత రాష్ట్రం కెంటకీ శాసనసభ చెప్పినా, ఆ రాష్ట్ర ప్రతినిధులు ఆడమ్స్ వైపు మొగ్గారు. జనం నోళ్లు నొక్కడం ఎవరి తరం?

*

మళ్లీ ఫిబ్రవరి 9కి వద్దాం.

ఫలితం ముందుగా మోసుకొచ్చింది మిత్రుడు అలెగ్జాండర్ ఎవరెట్. ఆ వెనకే విదేశాంగ శాఖ ఉద్యోగులు వచ్చి అభినందించారు. భార్యాపిల్లలు దగ్గరికి చేరారు. వాళ్ల పలకరింపు తన మనసును కదిలించిందని ఆడమ్స్ రాసుకున్నారు. ముభావి అయిన ఆ మనిషి కలం నుంచి అంతమాట రావడమే ఎక్కువ. సెనేట్ నుంచి పాత మిత్రుడు రూఫస్ కింగ్ రాసిన చిన్న చీటీ అందింది. అందులోనూ ఆప్యాయతే.

ఆడమ్స్ ఆ చీటీనే మడిచి ఒక ఉత్తరానికి జత చేశారు. ఉత్తరం క్విన్సీ ఊళ్లో ఉన్న తండ్రికి. గౌరవనీయులైన నాన్నగారూ అని మొదలవుతుంది. ఈ రోజు జరిగినదేమిటో మిస్టర్ కింగ్ చీటీ మీకు చెబుతుందనీ, తాను చేయగలిగింది మిమ్మల్ని అభినందించి మీ ఆశీస్సులూ ప్రార్థనలూ కోరడమేననీ అందులో రాశారు. అంతే. ఒకే వాక్యం, కింద సంతకం.

ఆ ఒక్క వాక్యాన్ని కాస్త ఆగి చూడాలి. తాను గెలిచానని రాయడానికి ఆయన చేయి రాలేదు. ఆ ముక్క కింగ్ చేత చెప్పించారు. పైగా అభినందనలు తనకు కాదు, తండ్రికి! ఇరవై ఆరేళ్ల వయసులో తలకెత్తుకున్న బాకీ యాభై ఏడేళ్లకు తీర్చి, అదిగో మీ మాట నెరవేరిందని అప్పజెప్పినట్టుంది ఆ ఉత్తరం. అబిగైల్ చనిపోయి అప్పటికి ఆరేళ్లు దాటింది. ఉంటే ఆమెకూ అందాల్సిన కబురే అది.

ఆ సాయంత్రం భార్యతో కలిసి అధ్యక్ష భవనానికి వెళ్లారు. మన్రో దంపతులు ఇచ్చిన స్వాగత సమావేశం అది. లోపల అడుగు పెట్టే సందు లేదు. అంత మందిలో జాక్సన్, ఆడమ్స్ ఎదురుపడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేసి అటే చూశారు. జాక్సన్ కుడిచేతిని ఒక మహిళ పట్టుకుని ఉంది. ఆయన ఎడమ చేయి చాపి, కుడిచేయి ఈమెకు అంకితమైపోయింది, మన్నించాలంటూ నవ్వుతూ కుశలం అడిగారని అక్కడే ఉన్న రచయిత శామ్యూల్ గుడ్రిచ్ తర్వాత రాశారు. ఓడినవాడిలో చనువు, గెలిచినవాడిలో బిగుతు! ఆడమ్స్ పొడిపొడిగా బదులిచ్చారట. ఆయన డైరీలో మాత్రం జాక్సన్ గురించి చిన్న చూపు లేదు. కరచాలనం చేశామనీ, జనరల్ ఎంతో నిమ్మళంగా, మర్యాదగా ఉన్నారనీ రాశారు.

ఇంటికి చేరాక వాద్యబృందం ఒకటి వచ్చి ఇంటి ముందు సంగీతం వినిపించింది. పడుకునేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ రోజు డైరీని ఆయన ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతోనే ముగించారు. జరిగినదాని మీద దైవానుగ్రహం ఉండాలనీ, దాని ఫలితం దేశానికి మేలు చేయాలనీ వేడుకున్నారు. ఎవరెవరు వచ్చారో, ఏమేం జరిగిందో అన్నీ వరసగా రాశారు. ఆనందంగా ఉందన్న మాట మాత్రం అందులో లేదు.

*

మర్నాడు మధ్యాహ్నం డేనియల్ వెబ్‌స్టర్ నాయకత్వంలో ముగ్గురు సభ్యుల సంఘం ఆయన ఇంటికి వచ్చింది. ఎన్నికైన సంగతి అధికారికంగా తెలియజేయాలి. ఆయన ఒప్పుకున్నట్టు చెప్పాలి. అంతవరకే పని. కానీ ఆ కాసేపట్లో ఆడమ్స్ పడిన అవస్థ వచ్చినవాళ్లు మరిచిపోలేదు. ముఖం మీద చెమటలు కారుతున్నాయి. నిలువెల్లా వణుకు. నిలబడటం, మాట్లాడటం కూడా కష్టమైంది. ఆ తడబాటు చూసి పదవి వద్దంటారేమో అనుకున్నామని సంఘంలో ఒకాయన చెప్పినట్టు, వాషింగ్టన్ ముచ్చట్లన్నీ ఉత్తరాలకెక్కించిన మార్గరెట్ బేయార్డ్ స్మిత్ రాశారు.

ఎన్నో రాజదర్బారుల్లో తొణకని రాయబారి తన ఇంట్లో తన గెలుపు కబురు ముందు వణికిపోయారు!

ఆయన చేతిలో రాసి పెట్టుకున్న సమాధానం ఉంది. తాను తిరస్కరిస్తే వెంటనే మరోసారి ప్రజల దగ్గరికి వెళ్లి, మరింత ఏకాభిప్రాయంతో తమకు కావలసినవాణ్ని ఎన్నుకునే వీలు ఉండి ఉంటే, ఆ పని చేయడానికి వెనకాడేవాణ్ని కానని అందులో చెప్పారు. రాజ్యాంగంలో అలాంటి ఏర్పాటు లేదు గనుక ఒప్పుకుంటున్నానన్నారు. మాటవరసకు అన్నది కాదది. ఈ గెలుపు సంపూర్ణం కాదని అందరికన్నా ముందు ఒప్పుకున్నది గెలిచినవాడే.

క్విన్సీలో వృద్ధ తండ్రి ఆ ఉత్తరం చదివించుకున్నారు. ఫిబ్రవరి 18న జవాబు రాయించారు. ఇంతటి గంభీరమైన అనుభూతి తనకు ముందెన్నడూ కలగలేదనీ, తొంభయ్యో ఏట ఉన్న తన మనసు ఇన్ని ఆలోచనల్ని, ఇంత ఉద్వేగాన్ని తట్టుకోలేకపోతోందనీ అన్నారు. తండ్రీ ఎగిరి గంతేయలేదు. ఆ కుర్చీ బరువు ఎంతో ఆయనకు తెలుసు. ఎన్నికల్లో ఓడిపోయి 1801లో దిగివచ్చిన మనిషి ఆయన.

*

ఎన్నికైన వారంలోనే ఆడమ్స్ హెన్రీ క్లేను విదేశాంగ మంత్రిగా పిలిచారు. ఆ పదవికి క్లే అన్నివిధాలా తగినవాడు. కానీ అంతకు ముందు ముగ్గురు అధ్యక్షులు, ఇప్పుడు ఆడమ్స్ కూడా, ఆ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే. కాబోయే అధ్యక్షుడి పదవిని ఓట్లకు బదులుగా ఇచ్చేశారని దేశం నమ్మింది. జాక్సన్ మండిపడ్డారు. క్లే ముప్పై వెండి నాణేలకు అమ్ముడుపోయిన యూదా అని మిత్రుడికి ఉత్తరం రాశారు. 'అవినీతి బేరం' అన్న ముద్ర పడిపోయింది.

మార్చి 4న ప్రమాణ స్వీకారం. అంతకుముందు వరసగా రెండు రాత్రులు కునుకు లేదు. మొదట దేశం కోసం, తర్వాతే తన కోసం, తనవాళ్ల కోసం ప్రార్థించి బయల్దేరానని రాసుకున్నారు. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ప్రమాణం చేయించారు. అంతమంది ముందు చేసిన తొలి ప్రసంగంలోనూ ఆయన దాచుకోలేదు. తన ముందు పనిచేసిన అందరికన్నా మీ నమ్మకం తక్కువగా పొంది ఈ పదవిలోకి వస్తున్నాననీ, మీ సహనం తనకే ఎక్కువసార్లు అవసరపడుతుందనీ చెప్పారు.

ఆ ఏడాది డిసెంబరు 31న డైరీ తెరిచి సంవత్సరం లెక్క చూసుకున్నారు. తన జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఏడాది ఇదేనన్నారు. వెంటనే, తన ఎదుగుదల ఆత్మాభిమానానికి తృప్తినిచ్చే తీరులో జరగలేదని రాశారు. ప్రజల్లో ఎక్కువమంది తిరుగులేకుండా ఓటేస్తే రాలేదన్నారు. బహుశా మూడింట రెండొంతుల జనం ఈ ఫలితానికి విముఖులేనన్నారు. ప్రత్యర్థులు వేసిన నింద కాదిది. ఆ అంకె ఆయనే వేసుకున్నారు, ఎవరూ చూడని పుస్తకంలో. కుర్చీలో కూర్చున్నాక గెలిచిన తీరు మరిచిపోవడం ఎంత సులువో ఏ కాలంలోనైనా చూస్తూనే ఉన్నాం. ఆయన మరిచిపోలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

పదవీకాలం కష్టంగానే గడిచింది. రోడ్లు, కాలువలు, జాతీయ విశ్వవిద్యాలయం, ఖగోళ పరిశోధనశాల... ఆయన అడిగినవాటిలో చాలావాటిని కాంగ్రెస్ పక్కన పెట్టింది. 1826 జులై 4న తండ్రి కన్నుమూశారు. 1828 ఎన్నికల్లో జాక్సన్‌కు 178 ఎలక్టర్ల ఓట్లు వస్తే ఆడమ్స్‌కు 83 వచ్చాయి. జాక్సన్ ప్రమాణ స్వీకారానికి ఆయన వెళ్లలేదు. రెండు నెలలు తిరక్కుండానే పెద్ద కొడుకు జార్జ్ స్టీమరు మీంచి నీళ్లలో పడి చనిపోయాడు. అరవై ఒక్క ఏళ్ల వయసుకు పదవి లేదు, పరువు పోయిందనుకున్నారు, కొడుకు దక్కలేదు.

కథ అక్కడ ముగిసిందనే అందరూ అనుకున్నారు.

*

1830లో ప్లిమత్ నియోజకవర్గం పెద్దలు క్విన్సీ వచ్చారు. మా తరఫున ప్రతినిధుల సభకు వెళతారా అని అడిగారు. దేశాధ్యక్షుడిగా చేసినవాడు మామూలు సభ్యుడిగా కూర్చోవడం చిన్నతనం కాదా? ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదు. ఆడమ్స్ మాత్రం, ప్రజలు ఎన్నుకుంటే ఊరి పాలకసంఘంలో కూర్చోవడం కూడా ఎవరికీ చిన్నతనం కాదన్నారు. ఓట్లు మాత్రం అడగనన్నారు.

అడగలేదు. పోలైన 2,565 ఓట్లలో 1,817 ఆయనకే పడ్డాయి.

ఆ నవంబరులో డైరీ పుటల్లో మొదటిసారి పొంగిన మనసు కనిపిస్తుంది. తనకు దక్కిన ఏ ఎన్నికా, ఏ నియామకమూ ఇంత సంతోషం ఇవ్వలేదన్నారు. దేశాధ్యక్షుడిగా ఎన్నిక కావడం తన అంతరాత్మకు ఇందులో సగం తృప్తి కూడా ఇవ్వలేదని రాశారు. పదమూడు రాష్ట్రాలు ఇవ్వలేని నిండుదనం పద్దెనిమిది వందల మంది పల్లెవాసులు, పట్టణవాసులు ఇచ్చారు. అడక్కుండా, బేరం లేకుండా, నిండు మనసుతో ఇచ్చారు.

ఆ బలంతో పదిహేడేళ్లు సభలో కూర్చున్నారు. బానిసత్వం మీద వచ్చిన విన్నపాలను చర్చకే రానివ్వకూడదని 1836లో సభ నోరు కట్టేస్తే, ఒంటరిగా లేచి పోట్లాడారు. మందలింపు తీర్మానం పెడతామన్నా వెనక్కి తగ్గలేదు. 1841లో, డెబ్బై మూడేళ్ల వయసులో, ఆమిస్టాడ్ ఓడలో తిరగబడిన ఆఫ్రికన్ల పక్షాన సుప్రీంకోర్టులో వాదించి వాళ్లకు స్వేచ్ఛ తెచ్చారు. 1844 డిసెంబరులో ఆ నోరు కట్టే నిబంధనను సభే రద్దు చేసింది. 1848 ఫిబ్రవరి 21న సభలో తన స్థానంలోనే కుప్పకూలారు. రెండ్రోజుల తర్వాత ఆ భవనంలోనే, స్పీకర్ గదిలో ప్రాణం విడిచారు.

అధ్యక్షుడిగా నాలుగేళ్లలో మాట చెల్లించుకోలేకపోయిన మనిషే ఈయన. దేశం మొత్తం మీద అధికారం ఉన్నా అప్పుడు ఆయన మాటకు వెన్నుదన్ను లేదు. మనసారా ఓటేసిన ఒక్క నియోజకవర్గం అండగా నిలిచాక, ఒక సభనే ఎదిరించి గెలిచారు.